కొట్టంలోని ఫ్రిజ్జు

సంక్రాంతికి జలదంకి వెళ్ళినప్పుడల్లా నా కాళ్ళు మొదట ఇంటి వెనకనున్న కొట్టం వైపే నడుస్తాయి. ఒకప్పుడు అందులో రెండు బర్రెలుండేవి. వాటిని అమ్మేశాక ఆ చోటును మా నాయన ఇంటి పాత సామానుకు కేటాయించాడు.

కొత్త వస్తువు గడప దాటి లోపలికి వచ్చిన రోజే పాతది కొట్టం చేరేది. ఒక రెక్క వంగిన టేబుల్ ఫ్యాను, మూత పోయిన మిక్సీ, వీపు ముందుకన్నా పెద్దదైన టీవీ, అన్నిటినీ మించి ఒక ఆల్విన్ ఫ్రిజ్జు. 1942లో హైదరాబాదులో మొదలైన ఆ కంపెనీ ఫ్రిజ్జుల వ్యాపారం 1990లలో వోల్టాస్ చేతికి వెళ్ళిపోయినా, మా కొట్టంలో మాత్రం ఆ పేరు అలాగే మెరుస్తూ ఉండేది.

"పారెయ్యబాక అబ్బయా, కావలి ఇంటికి పనికొస్తాది" అనేవాడు నాయన.

కావలిలో మాకు రెండు వాటాల చిన్న ఇల్లుంది. జవహర్ భారతిలో చదువుకొనే పిల్లలో, కొత్తగా కాపురం పెట్టినవారో అద్దెకుంటారు. పెళ్ళయిన కొత్తలో నాయన కూడా ఆ ఊళ్ళోనే ఒంటిగది అద్దె ఇంట్లో వేసవులు గడిపినవాడు. తన ఇంటికి వచ్చేవారు ఉత్త గోడల మధ్య కాపురం మొదలుపెట్టకూడదన్నది ఆయన పట్టుదల. అది పిసినారితనమని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నిజానికి అది దయ. కానీ దయకు కూడా మరమ్మతు అవసరమని తరువాత తెలిసింది.

ఆరేళ్ళు కొట్టంలో నిలిచిన ఆ ఫ్రిజ్జును తుడిచి, రంగు పూసి, ఒక కొత్త జంటకు ఇచ్చాము. నాలుగో రోజున ఆ అమ్మాయి తడి చేత్తో పిడి పట్టుకోగానే షాకు కొట్టి వెనక్కి పడింది. తలకు చిన్న దెబ్బ తగిలింది, ప్రాణగండం తప్పింది. చూస్తే, తీగ మీది తొడుగును ఎలుకలు కొరికివున్నాయి. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను లేదు. అది విరిగిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మేము చెప్పులు వేసుకొని తలుపు తీసేవాళ్ళం. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు. మర్నాడే కావలి ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచే స్విచ్చి పెట్టించి, ఫ్రిజ్జును వెనక్కి తెచ్చాడు.

వాడకుండా ఉంచితే వస్తువు అలాగే ఉంటుందని మన నమ్మకం. కాని పక్కన పెట్టినదీ ముసలిదవుతుంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బిగుసుకుంటుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఫ్రిజ్జును పడుకోబెడితే కంప్రెసరులోని నూనె గొట్టాల్లోకి పోతుంది. తలుపు మూసి ఉంచితే లోపల బూజు పడుతుంది, తెరిచి ఉంచితే పిల్లలు దూరతారు. బయటి గొళ్ళెం వల్ల లోపల చిక్కుకొని పిల్లలు చనిపోతుంటే, లోపలినుంచి తోసినా తలుపు తెరుచుకోవాలని అమెరికాలో 1956లో చట్టమే చేశారు. మా ఆల్విన్‌కు అటువంటి గొళ్ళెమే ఉండేది.

నాయన పోయాక ఈ ఏడు కొట్టం ఖాళీ చేశాను. ప్రతి వస్తువుకూ దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. ఫ్యాను మీద ఆయన చేతిరాత: "మన ఇంట్లో ఎనిమిది రోజులు ఆడింది. ఎర్త్ సరి." మిక్సీ మీద: "ఇవ్వరాదు." ఫ్రిజ్జు మీద ఏమీ రాయలేదు, తలుపు మాత్రం ఊడదీసి గోడకు ఆనించి ఉంది.

మిక్సీని, ఫ్రిజ్జును, అద్దంలో సీసం ఉంటుంది గనుక టీవీనీ, ఈ-వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించాను. ఫ్యాను ఒక్కటే మిగిలింది. ఆయన రాసి చాలా ఏళ్ళయింది కాబట్టి, దానికి ప్లగ్గూ తీగా మార్పించి నా గదిలో పెట్టుకున్నాను. నేటికి అయిదో రోజు. ఇంకా మూడు రోజులు చూసి కావలికి పంపుతాను.

మీ అటకల మీద, ఇతరుల కోసమని దాచినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఒకసారి దించి చూడండి.