వెనిస్: ఉప్పునీటి నడుమ మంచినీటి బావులు

ఇటలీ ఈశాన్య తీరాన ఉన్న వెనిస్ లాగూన్‌లో, అంటే మన పులికాట్ వలె ఇసుక దిబ్బలు సముద్రం నుండి వేరుచేసిన లోతులేని ఉప్పునీటి సరస్సులో, వందకు పైగా చిన్న దీవులను వంతెనలతో కలుపుకొంటూ పెరిగిన నగరం వెనిస్. వేసవి సెలవులలో ఐరోపా యాత్రకు వెళ్లే కుటుంబాలు స్విట్జర్లాండ్ మీదుగా దిగివస్తూ దీనిని చివరి మజిలీగా పెట్టుకోవడం కద్దు. అప్పటికి పిల్లలు అలసి, పెట్టెలు కొనుగోళ్లతో బరువెక్కి ఉంటాయి కనుక, కార్లు తిరగని ఈ ఊరిలో నాలుగు వందలకు పైగా ఉన్న వంతెనలలో చాలావాటికి మెట్లే ఉండటం, చక్రాల పెట్టెను ప్రతిచోటా చేత్తో ఎత్తవలసి రావడం వారికి ఎదురయ్యే తొలి ఇబ్బంది. నగరాన్ని 'సెస్తియేరే' అనే ఆరు పేటలుగా విభజించి, ఇంటి నంబర్లను పేట మొత్తానికి వరుసగా వేయడం వల్ల అవి వేలల్లోకి పోతాయి. అందువల్ల బస చిరునామాతో పాటు దగ్గరి పడవ రేవు పేరు కూడా రాసిపెట్టుకోవాలి.

బురద నేలలో దుంగలను ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా దిగ్గొట్టి, వాటి మీద ఉప్పునీటికి చెక్కుచెదరని ఇస్త్రియా రాతిని పరచి ఇక్కడి భవనాలు కట్టారు. గాలి తగలని బురదలో ఉన్నందున ఆ కలప శతాబ్దాలుగా నిలిచింది. ఈ సంగతిని ప్రతి మార్గదర్శీ చెబుతాడు గాని, అంతకన్నా గొప్ప పనితనం 'కాంపో' అనే బహిరంగ ఆవరణల అడుగున దాగి ఉంది. చుట్టూ నీరే అయినా తాగడానికి చుక్క పనికిరాని ఈ ఊరిలో, కాంపోను కొన్ని మీటర్ల లోతున తవ్వి, ఉప్పునీరు ఊరకుండా బంకమట్టితో మెత్తి, ఇసుక నింపి, నడుమ ఇటుకలతో బావి గొట్టం కట్టేవారు. ఇళ్ల కప్పుల మీదా ఆవరణలోనూ పడిన వాన, బావి చుట్టూ అమర్చిన చిల్లుల రాతి పలకల గుండా దిగి, ఇసుకలో వడకట్టుకొని, బావి అడుగుకు చేరేది. అంటే వీటిని బావులనడం కన్నా వాననీటి తొట్లు అనడమే సరి. 1884లో ప్రధాన భూభాగం నుండి గొట్టాల ద్వారా నీరు వచ్చాక వీటికి మూతలు పడ్డాయి. నేడు జనం ఆనుకొని కూర్చొనే ఆ రాతి ఒరల అంచుల మీద చేదతాళ్లు కోసిన గాళ్లు కొన్నిచోట్ల వేలు పట్టేంత లోతుగా ఉన్నాయి.

మంచినీటిని ఇంత నేర్పుతో నిలుపుకొన్న నగరం సముద్రపు పోటును ఆపడానికి మాత్రం చాలాకాలం తడబడింది. 1966 నవంబరు 4న నీటిమట్టం 194 సెంటీమీటర్లకు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లకు చేరింది. లాగూన్ మూడు ముఖద్వారాల వద్ద అవసరమైనప్పుడు పైకి లేచేలా అమర్చిన 78 ఉక్కు తలుపుల 'మోజె' వ్యవస్థ 2020 అక్టోబరు 3న తొలిసారి పోటును అడ్డుకొంది. వెనక్కి తగ్గనిది సందర్శకుల పోటు; తగ్గినది నివాసుల సంఖ్యే: 1951లో సుమారు 1,75,000 మంది నివసించిన పాతనగరంలో నేడు 50,000 మంది కూడా లేరు. పగటిపూట వచ్చిపోయేవారి నుండి కొన్ని నిర్ణీత దినాలలో ప్రవేశ రుసుము వసూలు చేయడం 2024 ఏప్రిల్ 25న మొదలైంది. 14 ఏళ్ల లోపు పిల్లలకు అది లేదు.

తెలుగు పాఠకులకు ఈ ఊరితో పాత బంధుత్వమొకటి ఉంది. ఇక్కడి వర్తకుడు మార్కో పోలో 13వ శతాబ్ది చివర మోటుపల్లి రేవు ప్రాంతాన్ని 'ముత్ఫిలి' పేరుతో వర్ణించి, అక్కడి వజ్రాలను, సాలెగూటిని తలపించే సన్నని వస్త్రాలను, న్యాయంగా పాలించిన రాణిని కొనియాడాడు. ఆ రాణి రుద్రమదేవియే అని చరిత్రకారుల నిర్ణయం, అయితే గణపతిదేవుని కుమార్తె అయిన ఆమెను అతడు రాజు వితంతువుగా పొరబడ్డాడు. తిరుగు ప్రయాణపు విమానం ఎక్కవలసినది అతని పేరిట ఉన్న విమానాశ్రయంలోనే. సాన్ మార్కో రేవు నుండి అక్కడికి పడవలో గంటకు పైగా పడుతుంది కనుక ఆ మేరకు ముందుగా బయలుదేరాలి.