ముల్లు లేని చేప వేపుడు

బ్రెడ్డు పొడి అద్ది వేయించిన చేప హోటలు వంటకమని చాలామంది తలంపు. మా ఇంట అది నాన్నగారి కోసం మొదలైంది. చూపు మందగించిన తరువాత ఆయన చేపలు మానివేశారు. ఒకరు ముళ్లు తీసి పెడితే తినడం ఆయనకు చిన్నతనము. ఈ వేపుడైతే ఎవరినీ పిలువక తామే తింటున్నారు. పులుసుకు సాటి రాదని మాత్రం అంటూనే ఉంటారు!

కొరమేను గాని పండుగప్ప గాని తీసుకోండి. రెంటి మాంసమూ తెలుపే, ముళ్లు తక్కువ. అమ్మేవారినే నడిముల్లు, చర్మము తీసి ఇమ్మనండి. అయినా ఇంటికి తెచ్చాక ప్రతి ముక్కను వ్రేళ్లతో తడిమి చూస్తాము, తినేవారికి కనబడదు గనుక.

వేలెడు మందపు ముక్కలకు ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసము పట్టించి 15 నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో తడి అంతా అద్దివేయండి. తడి మిగిలితే నూనెలో ఆవిరై పైపొరను ఊడదీస్తుంది. మైదా, గిలకొట్టిన గ్రుడ్డు, బ్రెడ్డు పొడి, ఈ వరుసలో అద్దాలి. తీపి రస్కుల పొడి వద్దు, లోపల ఉడకకముందే మాడుతుంది. చిటికెడు పొడి వేయగానే నూనె బుసబుసమనాలి. ఒక్కసారి రెండు మూడు ముక్కలే. ఒక్కొక్క వైపు సుమారు 3 నిమిషాలు. తీసి జల్లెడలో ఉంచండి. మూత పెట్టారా, కరకర పోయినట్లే.