ఆ పిల్లోడు ఏమైనాడు?

బక్రీద్‌కు పులివెందులలో మా చెల్లెలింటికి పోయినాం. దావత్ అయినాక, ఇషా నమాజ్ చదువుకొని వచ్చేసరికి మేనకోడలు టీవీలో ‘గేమ్ ఓవర్’ పెట్టింది. అశ్విన్ శరవణన్ తీసిన సినిమా. 2019 జూన్‌లో తెలుగు, తమిళం రెండింట్లో వచ్చింది. హీరో లేడు, డ్యూయెట్లు లేవు. చాలావరకు ఒకే ఇల్లు. కాళ్లకు కట్లతో చక్రాల కుర్చీలో తాప్సీ, పక్కన ఇంటిపని చూసే కళమ్మ. ఖౌఫ్ మెల్లమెల్లగా ఎక్కుతుంది.

మొదట్లోనే, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషిని బయటినుంచి ఎవడో చూస్తుంటాడు. అది చూడగానే మా చెల్లెలు లేచిపోయి కిటికీకి పర్దా లాగింది. ఎందుకో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

2006లో మేము జమ్మలమడుగులో ఉండేవాళ్లం. తను రోజూ బస్సులో ప్రొద్దుటూరుకు పోయి డిగ్రీ చదివేది. ఒక పిల్లోడు అదే బస్సెక్కి, వెనక సీట్లో కూర్చొని, మా గల్లీ మలుపు దాకా వచ్చేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అమ్మీకి చెప్తే, “తల దించుకొని వచ్చేయ్” అనింది. రంజాన్‌లో ఒక రాత్రి అబ్బా, నేను తరావీహ్‌కు పోయినాం. అమ్మీ పక్క వీధిలో ఉంది. వాడు గోడ దూకి వరండాలోకి వచ్చినాడు. చెల్లెలు లోపల గడియ పెట్టుకుంది. వాడు దర్వాజా కొడుతూనే ఉన్నాడంట, చుట్టం వచ్చి పిలిచినట్లు, మెల్లగా. పక్కింటోళ్లు అరిస్తే పారిపోయినాడు.

మేమేం చేసినాం? ఇజ్జత్ పోతుందని నోరు మూసుకున్నాం. కాలేజీ మాన్పించినాం. అబ్బాను ఆ మాటకు ఒప్పించింది నేనే. ఏడాది తిరక్కముందే నికాహ్ చేసేసినాం.

సినిమా అయినాక చెల్లెలు మొదటిసారి కూతురికి ఇదంతా చెప్పింది. పిల్ల నావైపు తిరిగి, “మామూ, అమ్మీని చదువు మాన్పించినారు, సరే. ఆ పిల్లోడు ఏమైనాడు?” అని అడిగింది.

“డిగ్రీ పాసైనాడు” అన్నాను. అంతకు మించి నా దగ్గర జవాబ్ లేదు.

వద్దన్నా వెంటపడటం, ఫోన్‌లో, నెట్‌లో కాపు కాయడం నేరమని 2013లో ఐపీసీలో 354డి సెక్షన్ చేర్చినారు. మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. అప్పట్లో ఈ ఖానూన్ లేదు గదా అనడం నాకొక బహానా. గోడ దూకి ఇంట్లో చొరబడటం 2006లోనూ నేరమే. మేము స్టేషన్ మెట్లెక్కలేదు, అంతే.

సినిమాలో ఆ పిల్లకు కడదాకా తోడుండేది కళమ్మ. మా చెల్లెలి పక్కన నిలబడాల్సింది నేను. నిలబడలేదు.

ఇప్పుడు మేనకోడలు ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. కాలేజీ మొదటి రోజు ఒక్క మాటే చెప్పినాను: “బేటీ, ఎవడన్నా వెంటపడితే నాకు చెప్పు. చదువు మాన్పించను. ఇద్దరం కలిసి స్టేషన్‌కు పోదాం.”

ఫోన్‌లో వింటున్న చెల్లెలు, “భాయ్, ఆ మాట రాసియ్యి” అనింది.

అందుకే ఇక్కడ రాసినాను.