తీగె యోర్పు

జంతికల పిండిని మెత్తగా నున్నప్పుడే చుట్టలుగా వత్తి కాగిన నూనెలో వేయుదుము. వేగిన పిమ్మట వంపబోయిన నది తునకలగును. దేశదేశముల శాస్త్రజ్ఞులు నొక మహాకార్యమున నీ పద్ధతినే యవలంబించిరని తెలిసి మేము మిక్కిలి యబ్బురపడితిమి.

ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున ఐటర్ అను యంత్రము నిర్మాణమందున్నది. మన భారతదేశమును అందొక భాగస్వామి. సూర్యునియందువలె హైడ్రోజన్ జాతి పరమాణువులను గలిపి శక్తిని బుట్టించుట దాని యుద్దేశము. కోట్ల డిగ్రీల వేడిగల యా వాయువు నే పాత్రయు భరింపజాలదు. కావున నయస్కాంతబలముచే దానిని గోడలకు దూరముగ నిలుపవలెను. ముఖ్యములైన కొన్ని యయస్కాంతములకు నియోబియము, తగరము గలిసిన తీగెను వాడిరి. మిక్కిలి చల్లబరచిన దీనియందు విద్యుత్తు అడ్డులేక పారును. కాని యీ మిశ్రమము బహు పెళుసు. అందుచే తీగెను ముందుగా చుట్టి, పిదప సుమారు 650 డిగ్రీల వేడిలో దినములకొలది యుంచుదురు. అప్పుడే యా మిశ్రమ మేర్పడును.

తీగె యోర్పును పరీక్షించు విధము వినుడు. దానిని ద్రవ హీలియములో సున్నకు దిగువ 269 డిగ్రీల చలియందు, బలమైన యయస్కాంతము నడుమ నుంచి, అడ్డు పొడసూపువరకు విద్యుత్తును హెచ్చింతురు. పిదప తీగెను రవంత లాగియో, నొక్కియో మరల చూతురు. వెయ్యింట నైదారుపాళ్ల మార్పునకే అది మోయగల విద్యుత్తు చాల తగ్గును. మితములోనైన, పట్టు విడిచినంతనే పూర్వపు శక్తి మరల వచ్చును. మితము దాటిన లోపలి సన్నని పోగులు పగులును. ఆ నష్టము తీరునది కాదు.

ఐటర్ నడిమి యయస్కాంతపు త్రాటిలో నిట్టి తీగెలు 576, రాగితీగెలు 288 కలవు. 2010 మొదలుకొని స్విట్జర్లాండులోని విల్లిగెన్‌లో ఆ త్రాటి ముక్కలను పరీక్షించిరి. మొదట బాగుగనే యుండినవి, బరువును మాటిమాటికి పెట్టి తీయగా క్రమముగా బలము తగ్గెను. యంత్రము తన జీవితకాలమున 30,000 మారులు పనిచేయవలసినది గదా! అప్పుడు త్రాటి పురిని బిగువు చేసిరి. దగ్గర దగ్గరగా పురివడిన తీగె లొకదాని నొకటి యానుకొన్నందున, ఆ క్షీణత దాదాపు నిలిచిపోయెను.

మా మనస్సున నాటిన దీ సంగతియే. మన యిండ్లలో నొకనాటి చాకిరిని నవ్వుచు మోసిన కోడలిని జూచి, ఆమె యెంతకైన నోర్చునని తలంతుము. నిత్యము పడి లేచు బరువు లోపల నే పోగును తెంచుచున్నదో యారయుట యరుదు. ఆమె నీరసించిన నాడు ఓర్పు చాలలేదందుము. విల్లిగెన్‌లో తీగెను నిందించి యూరకుండలేదు. ప్రక్క తీగెల యానిక పెంచిరి. మన యింటి పురిని గూడ నట్లు బిగించుకొనుట మన చేతిలోని పనియే.