టొలేడోలో ఒక చలిరోజు

మాడ్రిడ్,
జనవరి 11

వదినా,

పాస్‌పోర్టు తీయించుకోమని రెండేళ్లు నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "మోకాళ్లు ఉంటేగా" అన్నావు. నిన్న టొలేడో వెళ్లొచ్చాను. నీ మోకాళ్లకి కూడా అక్కడో దారుంది. కొండమీది ఊళ్లోకి కరెంటు మెట్లు పెట్టారు, నిలబడితే చాలు, అవే పైకి చేరుస్తాయి. పైకెళ్లాక మాత్రం అన్నీ రాళ్లు పరిచిన సందులే. మంచుకి తడిసి సబ్బు రుద్దినట్టున్నాయి. కోడలి చెయ్యి వదల్లేదు నేను.

ఈ రోజుల్లో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గాని పొద్దు పొడవదు. అటోచా స్టేషన్‌లో రైలెక్కితే అరగంట పైచిలుకు, అంతే. దిగేసరికి పొగమంచు. తాహో నది ఆ కొండని మూడు వైపులా చుట్టుకుని పోతుంది. కోటకి కందకం మనుషులు తవ్వుతారు, వీళ్లకి నదే తవ్విపెట్టింది. వంతెన మీద నిలబడితే నీళ్ల చప్పుడే గాని నీళ్లు కనబడలేదు.

నీకు కోర్టు తగువులంటే చెవి కోసుకుంటావు కదా, ఇది విను. ఓర్గాస్ ప్రభువని ఒకాయన 1323లో పోతూ, తన ఊరివాళ్లు ఏటా సాంతో తోమే చర్చికి రెండు పొట్టేళ్లు, పదహారు కోళ్లు, రెండు తిత్తుల ద్రాక్షసారా, రెండు మోపుల కట్టెలు, 800 నాణేలు ఇవ్వాలని వీలునామా రాశాడు. రెండొందల ఏళ్లు దాటాక ఊరివాళ్లు ఎగ్గొట్టారు. చర్చి ఫాదర్ 1564లో దావా వేసి గెలిచాడు. తర్వాత ఆ ప్రభువు ఖననం బొమ్మని ఎల్ గ్రెకో చేత వేయించాడు. ఇద్దరు సాధువులు బంగారు అంగీలతో స్వర్గం నుంచి దిగివచ్చి శవాన్ని చేతులమీద దింపుతుంటారు. వెనక వరసగా తెల్లని కుచ్చుల కాలర్ల మధ్య పెద్దమనుషుల మొహాలు. ముందు నిలబడ్డ పిల్లవాడు చిత్రకారుడి కొడుకే. వాడి జేబురుమాలు మీద పుట్టిన సంవత్సరం 1578 అని ఉంటుంది. ఎంత మురిపెమో చూడు. 1588లో బొమ్మ పూర్తయ్యాక మళ్లీ తగువు. మధ్యవర్తులు 1200 డకాట్లు అన్నారు. చర్చి ఎక్కువంది. రెండోసారి వచ్చినవాళ్లు 1600 అన్నారు. చివరికి 1200కే తెగింది. మన ఈనాం భూముల గొడవలు ఇంతకంటే ఏం గొప్ప?

పెద్ద చర్చి గురించి ఎక్కువ రాయను. 1226లో మొదలుపెట్టి 1493 దాకా కట్టారు, చూసి చూసి మెడ పట్టేసింది. పోయిన కార్డినళ్ల ఎర్రటోపీలు కప్పు నుంచి వేలాడుతున్నాయి. వాటంతటవి ఊడిపడేదాకా తియ్యరట.

సాంతా మరియా లా బ్లాంకా దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాను. పేరు మేరీమాతది. కట్టింది యూదుల ప్రార్థనకి, క్రైస్తవ రాజుల ఏలుబడిలో. కట్టడం తీరంతా ముస్లిములది, లోపల వరసలు వరసలుగా గుర్రపునాడా ఆకారంలో తెల్లని కమానులు. మూడు మతాలూ ఇక్కడ పాలూ నీళ్లలా కలిసి బతికాయని గైడు ఒకటే చెప్పడం. 1492లో యూదుల్ని దేశం నుంచే తరిమేశారు. గుడి మిగిలింది, దాని పేరు అంతకుముందే మార్చేశారు. ఆ పాలూ నీళ్ల మాట నాకు మింగుడుపడలేదు.

అసలు నేను వెళ్లింది వేరే పనికి. 1085లో ఈ ఊరు క్రైస్తవుల చేతికి వచ్చినా అరబ్బీ పుస్తకాలు మిగిలాయి. ఒకరు అరబ్బీ చదివి వాడుకభాషలో చెబుతుంటే మరొకరు లాటిన్‌లో రాసేవారు. జెరార్డ్ అని ఇటలీ ఆయన ఒక్క ఖగోళ గ్రంథం వెతుక్కుంటూ వచ్చి, అరబ్బీ నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాడు. డెబ్బైకి పైగా పుస్తకాలు తర్జుమా చేశాడు. మన పిల్లల్ని ఏడిపించిన ఆల్జీబ్రా అందులో ఒకటి.

అంతకుముందే, 1068లో, సాయిద్ అనే ఇక్కడి ఖాజీ ఏయే జాతులు శాస్త్రాలు సాధించాయో ఒక పుస్తకం రాశాడు. మొట్టమొదట పెట్టింది ఎవర్నో తెలుసా? మనల్ని! మన అంకెల లెక్కకి అరబ్బీలో ధూళి లెక్క అని పేరు. పలక మీద దుమ్ము పరిచి, వేలితో రాసి, చెరిపి, మళ్లీ రాసేవాళ్లట. మా నాన్నకి వీధిబడిలో ఇసుకలోనే దిద్దించారని చెప్పేవాడు. ముప్పై ఏళ్లు సుద్దపొడి మింగినదాన్ని, ఆ మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఇన్నేళ్లు సోషల్ చెప్పావే, ఈ ఖాజీ పేరు ఒక్కసారైనా ఎత్తావా నువ్వు?

బిద్రీ పనిలాంటిది ఇక్కడా ఉంది. నల్లబరిచిన ఉక్కు మీద బంగారు తీగ పొదుగుతారు. ధర విని చేతిలోది కింద పెట్టేశాను. నీకోసం బాదంపప్పు, పంచదారతో చేసే మార్జిపాన్ కొన్నాను. గుండ్రటి డబ్బాలో చుట్టచుట్టుకున్న మలుగుపాము, కళ్లతో సహా. మూత తీసి కెవ్వుమనకు. మార్చిలో వస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి బీరువా పైన పెట్టాను. మనవడు నిన్నటి నుంచి స్టూలు కోసం వెతుకుతున్నాడు.

నీ
వదిన