అందరూ పడుకుంటేనే తెల్లారే ఆట

మైన్‌క్రాఫ్ట్‌లో ఒక రోజంటే 20 నిమిషాలు. పగలు 10 నిమిషాలు, రాత్రి 7 నిమిషాలు. మిగిలిన 3 నిమిషాలు పొద్దు పొడవడానికి, పొద్దు గూకడానికి. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో రోజంతా 24 నిమిషాల్లో అయిపోతుంది. జీటీఏ ఫైవ్‌లో 48 నిమిషాలు పడుతుంది. స్టార్‌డ్యూ వ్యాలీలో పొద్దున 6కు లేచి, అర్ధరాత్రి దాటి 2 అయ్యేలోపు మంచమెక్కాలి. ఆ మొత్తం రోజు మన గడియారంలో 14 నిమిషాలకు అటూ ఇటూ.

డిగ్రీ చదివేటప్పుడు తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో పోయి వచ్చేవాణ్ణి. ముప్పావు గంట ప్రయాణం. ఫోన్లో నెట్ లేకున్నా నడిచే ఆటలే దిక్కు. తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగేలోపు స్టార్‌డ్యూలో మూడు రోజులు గడిచిపోయేవి. మైన్‌క్రాఫ్ట్ అయితే రెండు రాత్రులు. కిటికీ బయట ఎండ మండుతుంటే, చేతిలో మాత్రం చీకటి పడి తెల్లారి మళ్ళీ చీకటి పడేది.

అప్పటి నుంచీ నాకొక ప్రశ్న ఉంది. ఆటలో సూర్యుణ్ణి ఎప్పుడూ నడినెత్తినే ఉంచొచ్చు కదా, పనిగట్టుకొని రాత్రిని పెట్టడం ఎందుకు?

చీకటి కూడా ఒక రూలే

అందం కోసం అనుకుంటాం. కొన్ని ఆటల్లో నిజంగానే అంతే. వీధి దీపాలు వెలుగుతాయి, ఆకాశం రంగు మారుతుంది, మన పని మాత్రం మారదు. మంచి ఆటల్లో చీకటి పడితే రూల్స్ మారతాయి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1987లో వచ్చిన క్యాసిల్‌వేనియా రెండో ఆటలోనే ఉంది. పొద్దు గూకగానే రాక్షసుల బలం రెట్టింపవుతుంది. ఊళ్ళో జనం మాయమవుతారు, కొందామంటే దుకాణం ఉండదు. 2013 నాటి డోంట్ స్టార్వ్‌లో అయితే చీకటే శత్రువు. చేతిలో మంట లేకుండా నిలబడితే కొన్ని సెకన్లలో ఏదో వచ్చి కొడుతుంది. ఆ వచ్చేదేంటో కంటికి కనిపించదు. 2015 నాటి డయింగ్ లైట్ మాత్రం ఆశ చూపిస్తుంది. రాత్రి తిరిగే జాంబీలు పగటివాటికంటే చాలా ప్రమాదం. కానీ ఆ చీకట్లో బయట తిరిగితే పాయింట్లు డబుల్. ప్రాణమా, పాయింట్లా? తేల్చుకోవాల్సింది మనమే.

మైన్‌క్రాఫ్ట్‌లో చీకటి పడితే జాంబీలు, అస్థిపంజరాలు పుడతాయి. తెల్లారగానే ఎండకు కాలిపోతాయి. క్రీపర్ మాత్రం ఎండను లెక్కచేయదు. కొత్తగా ఆడేవాళ్ళకు మొదటి రాత్రికి ఇల్లుండదు, మంచముండదు. అప్పుడు అందరూ చేసే పని ఒకటే. నేలలో గుంత తవ్వుకొని, పైన మట్టి కప్పుకొని, ఆ 7 నిమిషాలూ కదలకుండా కూర్చోవడం.

అలా కూర్చున్న మనిషిని ఆటలో చూడకముందే మా పొలంలో చూశాను.

తాత కూర్చున్న రాత్రి

మాది తాండూరు దగ్గర పల్లె. కంది వానమీదే పండేది. బోరు కింద ఎకరం వరి, కాసిన్ని కూరగాయలు. నా చిన్నప్పుడు పొలాలకు త్రీ ఫేజ్ కరెంటు పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు వచ్చేది. రాత్రి వంతు ఉన్నప్పుడు తాత భుజం మీద తువ్వాల, చేతిలో బ్యాటరీ పట్టుకొని పోయేవాడు. మా దగ్గర టార్చి లైటును బ్యాటరీ అనే అంటారు. మోటారు వేసి, ఒక్కో మడికి నీళ్ళు తిప్పి, రెండు గంటల్లో తిరిగొచ్చేవాడు.

తాత వచ్చేదాకా నానమ్మ నిద్రపోయేది కాదు. తలుపు గడియ పెట్టేది కాదు. "నీ తాత రాంది తలుపెట్ల ఏస్తం రా?" అనేది. ఆమె మేలుకొని ఉంటే అమ్మ కూడా పడుకునేది కాదు. ఒక్క మనిషి బయటుంటే ఇల్లంతా జాగారమే.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి తాత రాలేదు. 3 దాటాక నాయిన, నేను పొలం దారి పట్టాం. మోటారు నడుస్తూనే ఉంది. నీళ్ళు మడి నిండి పక్క మడిలోకి పొర్లుతున్నాయి. స్టార్టర్ డబ్బా కింద ఉన్న నాపరాయి మీద తాత రెండు కాళ్ళూ పైకి ముడుచుకొని కూర్చున్నాడు.

"బ్యాటరీ ఒడిశింది. కాలు ముంగట ఏదో సర్రున పోయింది. ఎటు కదిలినా కష్టమే అని ఈడనే కూసున్న" అన్నాడు.

ఏమీ కాలేదు, ఇంటికొచ్చేశాం. కానీ రాత్రి మోటారు వేయడానికి పోయి పాము కరిచిందని, షాక్ కొట్టిందని ఆ రోజుల్లో ఊరూరా వినేవాళ్ళం. ఆ చీకటిని ఎవరూ చేయలేదు. ఆ చీకట్లోకి పోవాల్సిన టైమును మాత్రం ఎవరో ఒక కాగితం మీద గీసి పెట్టారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో పొలాలకు 24 గంటల కరెంటు మొదలైంది. రూలు మారగానే మా ఇంట్లో రాత్రి కూడా మారింది. తాత పగలే నీళ్ళు పెట్టుకొని, అన్నం తిని 9కే పడుకోవడం మొదలుపెట్టాడు.

"మరి నీళ్ళెవరు పెడుతర్రా?"

లాక్‌డౌన్‌లో ఇంట్లోనే ఉన్నప్పుడు చిన్నాయిన కొడుకూ నేనూ ఒకే వైఫై మీద మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ళం. ఇద్దరు ముగ్గురు కలిసి ఆడితే అందులో మామూలుగా ఉండే రూలు ఇది: అందరూ మంచమెక్కితేనే రాత్రి గడుస్తుంది. ఒక్కడు బయట తిరుగుతున్నా మిగతావాళ్ళకు తెల్లారదు. (ఈ రూలును సడలించుకునే సెట్టింగ్ తర్వాత ఒక వెర్షన్లో వచ్చింది.) మా తమ్ముడు ఎప్పుడూ గనిలోనే. "అరే, వచ్చి పండుకో రా" అని నేను అరుస్తుంటే, పక్క మంచం మీది నుంచి తాత ఏంటని అడిగాడు. చెప్పాను.

"అందరు పండుకుంటెనే తెల్లారుతదా? మంచిగనే ఉన్నది గని, మరి మడికి నీళ్ళెవరు పెడుతర్రా?"

మేం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే అది పక్కా గేమ్ డిజైన్ ప్రశ్న. మైన్‌క్రాఫ్ట్ దానికి జవాబు కూడా ఇస్తుంది. మంచమెక్కితే రాత్రి ఎగిరిపోతుంది కానీ, ఆ ఎగిరిపోయిన టైములో పంట పెరగదు. రాత్రంతా మేలుకొని ఉంటేనే ఆ 7 నిమిషాల పెరుగుదల దక్కుతుంది. భయం లేని నిద్ర కావాలంటే పంటలో ఆలస్యం ఒప్పుకోవాలి.

స్టార్‌డ్యూ దీనికి సరిగ్గా ఎదురు. ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషే తయారుచేసి 2016లో విడుదల చేసిన వ్యవసాయం ఆట ఇది. ఇందులో పగలు నీళ్ళు పోయాలి, రాత్రి పడుకోవాలి. పడుకుంటేనే పంట ఒక రోజు ఎదుగుతుంది, ఆట సేవ్ అవుతుంది. 2 దాటినా మంచమెక్కకపోతే మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు, జేబులో డబ్బులు పోతాయి, మర్నాడు ఒంట్లో సత్తువ తక్కువ. రైతు రాత్రి పడుకోవాలి అన్నది ఆ ఆటలో రాసిపెట్టిన చట్టం. తాతకు అది చూపిస్తే "గీ ఆట చేసినోడు పొలం చూసినోడే" అన్నాడు.

రాత్రి లేని ఆటలు

మనలో ఎక్కువ మంది ఆడేవి ఇవి కావు. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ లాంటివి. వాటిలో మ్యాచ్ మధ్యలో పొద్దు గూకడం దాదాపు ఉండదు. దీనికి సరైన కారణాలే ఉన్నాయి. సూర్యుడు కదిలితే నీడలన్నీ మళ్ళీ మళ్ళీ లెక్కగట్టాలి, ఫోన్ వేడెక్కుతుంది. సూర్యుడు ఒకేచోట ఉంటే వెలుగునీడలు ముందే వేసి పెట్టుకోవచ్చు. పైగా చీకటి మ్యాప్‌లో బ్రైట్‌నెస్ పెంచుకున్నవాడికే శత్రువు కనిపిస్తాడు. పబ్‌జీ మొబైల్ 2018లో నైట్ మోడ్ తెచ్చింది కానీ మామూలు మ్యాచ్ అంటే పగలే.

వీటిలో తొందరపెట్టే పని చీకటిది కాదు, జోన్‌ది. అది ముడుచుకుంటూ వచ్చి మనల్ని తరుముతుంది. తేడా ఎక్కడంటే, జోన్ అయిపోయాక రాత్రి రాదు. స్టార్ట్ బటన్ వస్తుంది. ప్రతి మ్యాచ్‌కూ మళ్ళీ పొద్దున్నే.

ఆటలో రాత్రి లేకపోతే బయటివాళ్ళు తెచ్చి పెట్టాల్సి వస్తుంది. దక్షిణ కొరియాలో 2011లో ఒక చట్టం వచ్చింది. 16 ఏళ్ళలోపు పిల్లలు అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదు. పదేళ్ళు నడిచి, 2022 మొదట్లో పోయింది. మన దగ్గర బీజీఎంఐ 2023 మేలో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్ళలోపువాళ్ళకు రోజుకు 3 గంటలు, మిగతావాళ్ళకు 6 గంటలు అని పరిమితి పెట్టుకొనే వచ్చింది.

అలాగని రాత్రి ఉన్న ఆటలన్నీ మంచి బాలురేం కావు. స్టార్‌డ్యూలో పడుకోగానే ఆ రోజు సంపాదన లెక్క వస్తుంది. వెంటనే 6 కొడుతుంది. నిన్న నాటిన మొక్క ఎంత ఎదిగిందో చూడాలనిపిస్తుంది. "ఇంకొక్క రోజు" అనుకుంటాం, ఇంకో 14 నిమిషాలు. ఆ మంచం మీద పడుకునేది తెర మీది బొమ్మ. మన కళ్ళు తెరిచే ఉంటాయి. ఆట ఎంత మంచిదైనా మన రాత్రిని మన బదులు అది పడుకోలేదు.

అందుకే ఇప్పుడు ఏ ఆట డౌన్‌లోడ్ చేసినా గ్రాఫిక్స్ కంటే ముందు ఒకటి చూస్తాను. ఇందులో మంచం ఉందా? అంటే, ఈ రోజుకు చాలు అని ఆగే చోటేదైనా పెట్టారా? ఉంటే, ఆగిన నాకు నష్టమా, లాభమా? ఈ రెండు ప్రశ్నలతో ఆ ఆట చేసినవాళ్ళు మన టైమును ఎలా చూస్తున్నారో తెలిసిపోతుంది. మీ ఫోన్లో ఉన్నవాటిని కూడా ఒకసారి ఇలా అడిగి చూడండి.

మా ఇంట్లో మోటారుకు రాత్రిపూట పోయేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. కానీ నానమ్మ ఇంకా అందరికంటే చివరనే పడుకుంటుంది. పోయిన దసరాకు ఊరికి పోతే, తమ్ముడి దుప్పటి కింద నుంచి నీలం వెలుగు వస్తోంది. ఆమె తలుపు దగ్గరే కూర్చొని ఉంది. ఒంటిగంటకు వాడు ఫోన్ పక్కన పెట్టాడు. అప్పుడు లేచి గడియ పెట్టింది.