కమిటీ మెంబరంటే కాఫీ తాగి సంతకం పెట్టడం కాదు!

"మీ పిల్లల స్కూలు కమిటీలో మెంబరుగా ఉంటారా?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి ఏమంటాం? "అబ్బే, నాకేం తెలుసండీ, మావారిని అడగండి" అంటాం. ఒప్పుకున్న కొద్దిమందీ యానివర్సరీ రోజున ముందు వరుసలో కూర్చుని, మీటింగులో కాఫీ తాగి, చూపించినచోట సంతకం పెడితే చాలనుకుంటారు. రెండూ సరికాదండీ!

నేను చదివింది ఇంటర్మీడియెట్. మా చిన్నవాడి మాంటిస్సోరి స్కూలును ఒక సొసైటీ నడుపుతుంది. దాని కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఇద్దరికి చోటుంది. మూడేళ్ళ క్రితం ఆ ఇద్దరిలో నన్నొకదాన్నిగా ఎన్నుకున్నారు. ఈ మూడేళ్ళలో నాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని ఈ ఉత్తరం.

ముందు మాంటిస్సోరి అంటే ఏమిటో చూద్దాం. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరమ్మ. 1907లో రోము నగరంలో ఒక పేదల పేటలో మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం వారి పిలుపు మీద మద్రాసు అడయారు వచ్చారు. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతిలో మూడేళ్ళవాళ్ళూ, నాలుగేళ్ళవాళ్ళూ, అయిదేళ్ళవాళ్ళూ ఒకే గదిలో ఉంటారు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గింజలు పోయడం, గుండీలు పెట్టుకోవడం, గరుకు కాగితం అక్షరాల మీద వేలితో దిద్దడం... ఎవరి పని వారిది. ఒక్కో వస్తువూ గదికి ఒక్కటే ఉంటుంది. ఇంకొకరు చేస్తుంటే తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమూ చదువే!

ఇది తెలియకుండా కమిటీలో కూర్చుంటే ఏమవుతుందో చెబుతాను. రెండేళ్ళ క్రితం అడ్మిషన్లు తగ్గాయి. పక్క వీధి కాన్వెంటులో ఎల్‌కేజీకే హోంవర్కు ఇస్తున్నారని తల్లులు గొణిగారు. మా కమిటీలో కొత్తగా చేరిన ఒక పెద్దాయన, బ్యాంకులో చేసి రిటైరయినవారు, "వచ్చే జూన్ నుంచి వయసును బట్టి పిల్లల్ని విడదీసి, నెలకో పరీక్ష పెడదాం" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. స్కూలు మూతపడుతుందేమోనని ఆయన భయం. నలుగురు తలలూపారు. ఆ రోజే ఓటు పెట్టి ఉంటే బయట బోర్డు మిగిలేది, లోపల మాంటిస్సోరి పోయేది!

హెడ్మిస్ట్రెస్‌గారు వాదించలేదు. "ఓటు వచ్చే నెలకు ఉంచండి. ఈలోగా ఒక్కొక్కరూ ఒక పొద్దుటిపూట క్లాసులో కూర్చోండి. మాట్లాడకూడదు, పిల్లలకు సాయం చెయ్యకూడదు, చూడాలంతే" అన్నారు. అందరం వెళ్ళాం. ఆ పెద్దాయన వెళ్ళినరోజు ఒక అయిదేళ్ళ పిల్ల, చిన్నవాడొకడి చెయ్యి పట్టుకుని 'అ' దిద్దించిందట. వాడు మూడుసార్లు తప్పినా విసుక్కోలేదట. "విడదీస్తే ఈ పిల్ల ఎవరికి నేర్పుతుంది?" అని తర్వాతి మీటింగులో ఆయనే అన్నారు. ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. అంతటితో కష్టం తీరిందా అంటే తీరలేదు. రెండు కుటుంబాలు పిల్లల్ని మాన్పించాయి. అయితే ఏడాదికి రెండుసార్లు తల్లిదండ్రుల్ని పిలిచి, ఆ వస్తువులు వాళ్ళ చేతికే ఇచ్చి చూపించాలని తీర్మానం చేశాం. ఇప్పుడు గొణుగుడు కాస్త తగ్గింది.

అప్పటినుంచి కొత్త మెంబరు ఎవరొచ్చినా మొదటి మీటింగుకు ముందే కొన్ని పనులు తప్పనిసరి చేశాం. మీ స్కూలు ఏదైనా సరే, ఇవి పనికొస్తాయి.

మొదటిది, ఒక పూట క్లాసులో కూర్చుని చూడటం. రెండోది, సొసైటీ నియమావళి చదవడం. అది ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమని నిర్మొహమాటంగా అడగండి. సంతకం మనది కదా!

మూడోది జమాఖర్చులు. లెక్కలనగానే భయపడకండి. నెల మొదట్లో పాలవాడికెంత, పచారీకెంత, చీటీకెంత అని విడదీసేది మనమేగా! ఫీజుల రూపంలో వచ్చేదెంత, జీతాలకు పోయేదెంత, ఫీజులు ఆలస్యమైతే మూడు నెలల జీతాలకు సరిపడా నిలవ ఉందా అని చూడండి. టీచర్ల శిక్షణకు తీసిపెట్టింది ఇంకో ఖర్చుకు వాడేస్తున్నారేమో కూడా అడగండి.

నాలుగోది, మన హద్దు తెలుసుకోవడం. ఫీజులు, బడ్జెటు, హెడ్మిస్ట్రెస్ నియామకం, భవనం భద్రత... ఇవి కమిటీ పనులు. ఏ పిల్లకు ఏ పాఠం ఎప్పుడు చెప్పాలన్నది టీచరు పని. పచారీ లిస్టు అందరం కూర్చుని రాయవచ్చు గానీ, వంట చేసేవాళ్ళ పక్కన నిలబడి మాటిమాటికీ మూత తీసి చూస్తే కూర ఉడుకుతుందా చెప్పండి?

అయిదోది, నోరు కట్టుకోవడం. ఇది అన్నిటికన్నా కష్టం! ఎవరు ఫీజు కట్టలేదో కమిటీలో తెలుస్తుంది. మా వీధిలో ఒకావిడ కూరల బండి దగ్గర పట్టుకుని అదే అడిగింది. "నాకు చెప్పే హక్కు లేదమ్మా" అన్నాను. నెల్లాళ్ళు మొహం తిప్పుకుంది. తిప్పుకోనివ్వండి! ఇంకొకరి కష్టం బజారున పడెయ్యలేం కదా. అలాగే మన బంధువుల ఉద్యోగం సంగతి చర్చకొస్తే లేచి బయటికి వెళ్ళిపోవాలి. వెళ్ళినట్టు మినిట్స్ పుస్తకంలో రాయించాలి.

ఇదంతా ప్రైవేటు స్కూళ్ళవాళ్ళకేగా అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. అంటే ఆ కుర్చీ మన కోసం వేసి ఉంచిందే!

కాబట్టి ఈసారి ఎవరైనా అడిగితే మావారి పేరు చెప్పి తప్పించుకోకండి. "ఉంటాను, అయితే ముందు క్లాసులో కూర్చోనిచ్చి, లెక్కల పుస్తకం చూపించండి" అనండి. చూపించడానికి వెనకాడారా... ఆ కమిటీలో మీ అవసరం ఇంకా ఎక్కువుందన్నమాట!